సాము విద్యలో కుడి ఎడమలు

'తాలీం' అను అరబ్బీ పదానికి విద్య నేర్పుట అని అర్థం. అదే పదం తెలుగు నేలమీదికి వచ్చి 'తాలింఖానా'గా మారి, మట్టి గోదాలో కుస్తీ పట్టే చోటుకు పేరైనది. 'ఉస్తాద్' మన నోట 'వస్తాదు' అయినాడు. 'పహిల్వాన్' పారశీకం నుండి వచ్చినవాడే. 'కుస్తీ' కూడా అక్కడి మాటయే. ఐతే కర్ర త్రిప్పుటను మాత్రం మనవారు 'సాము' అనియే పిలిచినారు. సాము చేసే చోటును 'గరిడి' అన్నారు. ఉర్దూ, తెలుగు భాషలు ఒకే పాఠశాలలో కూర్చుని చదువుకున్న విద్య ఏదైనా ఉన్నదంటే అది ఈ సాము గరిడీల విద్యయే అని చెప్పవచ్చును. పీర్ల పండుగ ఊరేగింపులో కర్ర త్రిప్పేవాని మతమేమిటో తెలంగాణ పల్లెలలో ఎవరూ అడుగరు. అతని మణికట్టు ఎట్లా తిరుగుతున్నదని మాత్రమే చూస్తారు.

ఈ విద్యను చూచినవారిలో గణితం చదివే విద్యార్థికి ఒక సందేహం కలుగక మానదు. కర్ర కుడి ప్రక్కన ఒక వలయం గీస్తుంది, ఎడమ ప్రక్కన మరొక వలయం గీస్తుంది. రెండూ కలిసి అడ్డంగా పడుకొన్న ఎనిమిది అంకెవలె కనిపిస్తాయి. చూపరికి అంతా సమానంగా తోస్తుంది. ఐనను కర్ర పట్టిన చేయి ఒకటే, ముందుకు వచ్చే పాదం చాలాసార్లు ఒకటే. మరి ఈ విద్యలో సౌష్ఠవం ఎంత? అసౌష్ఠవం ఎంత? ఎందుకు?

ముందుగా కర్రనే పరిశీలింతము. కర్రకు రెండు కొనలు ఒకే విధమైనవి. నడుమ పట్టుకొని సగం చుట్టు త్రిప్పితే మరల మొదటి స్థితియే వచ్చినట్లుంటుంది. గణితంలో దీనిని భ్రమణ సౌష్ఠవం అంటారు. కత్తికి ఈ గుణం లేదు. దానికి పిడి ఒక కొనన, మొన ఒక కొనన ఉంటాయి. ఒక వైపు పదును, ఒక వైపు మొద్దు. కత్తి వేటు వేసి తప్పినవాడు పదునును మరల శత్రువువైపు త్రిప్పుకొనవలెను. కర్రవాడు ఒక కొనతో కొట్టి తప్పితే రెండవ కొన అప్పటికే దారిలో ఉంటుంది. రాత్రివేళ ఊరేగింపులలో రెండు కొనలకు నిప్పు ముట్టించి త్రిప్పే బాణాను చూడండి. ఒకే కొనకు మంట ఉన్నచో నిప్పు వలయం పూర్తి కావడానికి పూర్తి చుట్టు కావలెను. రెండు కొనలకూ ఉంటే సగం చుట్టుకే వలయం మూసుకుంటుంది. అదే వేగంతో త్రిప్పినా మంట చక్రం రెట్టింపు నిండుగా కనబడటానికి కారణం ఈ సౌష్ఠవమే. దీనిని ఏ భౌతికశాస్త్ర గ్రంథమూ చదువని వస్తాదులు కనుగొన్నారు.

కర్ర సమానమైనదే కాని, దానిని పట్టిన మనిషి సమానుడు కాడు. గుండె ఎడమకు వాలి ఉన్నది, కాలేయం కుడి ప్రక్కన ఉన్నది. పదిమందిలో ఇంచుమించు తొమ్మిదిమంది కుడిచేతి వాటం కలవారు. పని కూడా దేహాన్ని ఒక ప్రక్కకు లాగుతుంది. ఒకప్పుడు మన సింగరేణి గనులలో తట్టా చెమ్మసూ పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్లు ఏండ్ల తరబడి ఒకే వైపు వంగి, ఒకే వైపు విసరినవారు. వారి భుజాలు రెండూ ఒక్కతీరుగా ఉండేవని ఎవరూ అనరు. తాలింఖానాలోని కసరత్తు ఈ వంకరను సరిచేయుటకు పుట్టినదా అన్నట్లుంటుంది. దండీలు, బస్కీలు రెండు ప్రక్కలకూ సమానమైన శ్రమనిస్తాయి. ముగ్దరాలను జంటగా త్రిప్పుతారు. ఉర్దూలో వాటిని 'జోడీ' అనుటలోనే సంగతి ఉన్నది. ఐతే ఆ జోడీని దించి గోదాలోకి దిగిన మల్లుడు 'ధోబీ పాట్' వేసినప్పుడు చూడండి. ప్రత్యర్థి చేతిని తన భుజం మీదుగా లాగి, చాకలి బండమీద బట్టను బాదినట్లు విసరివేస్తాడు. చాకలి ఏ భుజం మీదుగా బాదుతాడో ప్రతిదినమూ ఆ భుజం మీదుగానే బాదుతాడు. మల్లుడూ అంతే. కసరత్తులో సౌష్ఠవం, పట్టులో అసౌష్ఠవం: ఒకే గోదాలో రెండూ కలవు.

ఈ భేదాన్ని ప్రాచీనులు ఎరుగనివారు కారు. భరతుని నాట్యశాస్త్రంలో చెప్పిన ఆరు స్థానకాలలో ఆలీఢం, ప్రత్యాలీఢం అనునవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. ఒకదానిలో కుడికాలు చాచి నిలిస్తే, రెండవదానిలో ఎడమకాలు చాచి నిలుస్తారు. విలుకాని నిలుకడలుగా అమరకోశం కూడా వీనిని పేర్కొన్నది. కాని ప్రతిబింబాలైనంత మాత్రాన రెండింటి పని ఒకటి కాదు. ఆలీఢంలో ఆయుధాన్ని సంధించి, ప్రత్యాలీఢంలో విడువవలెనని శాస్త్రం చెప్పినది. రూపంలో సౌష్ఠవం, ప్రయోజనంలో అసౌష్ఠవం! రంగస్థలం మీద ఆయుధం త్రిప్పే విధానాలను నాలుగు న్యాయాలుగా విభజించి, దెబ్బ తగులరాదని ఆ శాస్త్రమే హెచ్చరించినది. యుద్ధం నాట్యమైనప్పుడు కుడి ఎడమలు సమానమవుతాయి కాబోలు. కూచిపూడి అడుగులు నేర్చే బాలిక ప్రతి అడుగునూ కుడికి వేసి ఎడమకు వేస్తుంది. ఆమెకు శత్రువు లేడు.

మాటల చరిత్ర కూడా ఇక్కడ వింతగానే ఉన్నది. 'సవ్యంగా చేయుము' అంటే సరిగా చేయుమని మన భావం. సంస్కృతంలో 'సవ్యం' అంటే ప్రధానంగా ఎడమ! అర్జునుడు సవ్యసాచి అనిపించుకొన్నది ఎడమచేతితో సైతం బాణం వేయగలిగినందుకే. జందెం ఎడమ భుజం మీద ఉండుట మామూలు స్థితి గనుక అది సవ్యం, తద్విరుద్ధం అపసవ్యం. ఉర్దూవారు సులభమైన పనిని 'బాయే హాథ్ కా ఖేల్', అనగా ఎడమచేతి ఆట, అంటారు. ఎడమచేతిని చులకన చేసిన మాట ఒకటి, ఎడమనే సరియైనదిగా నిలబెట్టిన మాట ఒకటి. రెండు భాషలూ నేర్చిన మన విద్యార్థులు రెండింటినీ వాడుతూనే ఉంటారు.

ఉర్దూ గద్యంలో ఈ విషయానికి సంబంధించిన మంచి సాక్ష్యమొకటి కలదు. హైదరాబాదులోనూ కొంతకాలం నివసించిన అబ్దుల్ హలీం షరర్ (1860-1926) లక్నో పూర్వ వైభవాన్ని వర్ణించిన 'గుజష్తా లక్నో'లో ఆయుధ విద్యలకు కొన్ని పుటలు కేటాయించినాడు. కర్ర విద్యలో రెండు పద్ధతులుండేవట. 'అలీ మద్' పద్ధతిలో ఎడమ పాదం నాటిన చోటనే నాటియుండును. కుడి పాదం మాత్రమే ముందుకు, వెనుకకు కదలును. 'రుస్తుం ఖానీ' పద్ధతిలో ఆటగాడు కుడికీ ఎడమకూ, ముందుకూ వెనుకకూ స్వేచ్ఛగా తిరుగును. మొదటిది పూర్తిగా అసౌష్ఠవమైనది. వ్యాసార్ధం ఒకటే, కేంద్రం ఒకటే, చలనం ఒకే కాలిది. రెండవది నాలుగు దిక్కులను సమానంగా చూస్తుంది. మొదటిది కులీనుల ఆట, రెండవది సామాన్యుల ఆట అని కూడా షరర్ సూచించినాడు. ఇందులో తర్కం లేకపోలేదు. ఒక ప్రత్యర్థి, మర్యాదగల పోరు, ఎదురెదురు నిలుకడ ఉన్నచోట ఒక పాదం నాటుకొని నిలువవచ్చును. బజారులో నలుగురు చుట్టుముట్టినప్పుడు పాదం నాటితే ప్రాణం నిలువదు. శత్రువు ఎటునుండి వచ్చునో తెలియనివాడు తన దేహాన్ని అన్ని దిక్కులకూ సమానంగా సిద్ధం చేసుకొనవలెను.

ఇప్పుడు కొంచెం రేఖాగణితం. ఇద్దరు కుడిచేతి వాటం కలవారు కర్రలు పట్టి ఎదురెదురుగా నిలిచినారనుకొందము. వీరిరువురి మధ్య అద్దం పెట్టినట్లున్నదని చాలమంది అనుకొంటారు. కాదు. అద్దంలోని నా ప్రతిబింబం కర్రను ఎడమచేత పట్టియుండును. ఎదుటి మనిషి నిజంగా కుడిచేత పట్టినాడు గనుక, మా ఇద్దరి మధ్యనున్నది ప్రతిబింబ సౌష్ఠవం కాదు, నూట ఎనభై డిగ్రీల భ్రమణ సౌష్ఠవం. మధ్య బిందువు చుట్టూ నన్ను సగం చుట్టు త్రిప్పితే నేను అతని స్థానంలో అతనివలెనే నిలుస్తాను. నా కర్ర అతని కర్రతో కలియుట ఏటవాలుగా జరుగును. అదే ఎదుట నిలిచినవాడు ఎడమచేతివాడైతే అప్పుడు నిజంగా అద్దం వచ్చి నిలిచినట్లు; కర్రలు ఒకే ప్రక్కన కలుస్తాయి, నేర్చిన కోణాలన్నీ తారుమారవుతాయి. కోలాటం ఆడినవారు దీనిని చేతులతో ఎరుగుదురు. కుడి కోల కుడి కోలతో కలిసినప్పుడు మధ్యలో అడ్డంగా దాటుతుంది. కుడి కోల ఎదుటివాని ఎడమ కోలతో కలిసినప్పుడు నేరుగా పోతుంది.

ఇక జడకోలాటంలో మరొక సూత్రం కూడా ఉన్నది. అల్లిన జడను విప్పవలెనంటే వేసిన అడుగులన్నిటినీ వెనుక నుండి ముందుకు తిరుగవేయవలెను. ఒక్కరు తప్పినా తాళ్లు చిక్కుపడుతాయి. బీజగణితంలో విలోమం బోధించే అధ్యాపకులు ఒకసారి విద్యార్థులను జడకోలాటం దగ్గరికి తీసుకుపోతే మంచిది.

ఎడమచేతివారి లాభం ఇందులోనే ఉన్నది. కత్తి పోటీలలో, ముష్టియుద్ధంలో ఎడమచేతివారు జనాభాలోని తమ పాలుకంటె ఎక్కువగా కనబడతారు. వారి చేతిలో ఏదో అద్భుత శక్తి ఉన్నదని కాదు. కుడిచేతివాడు దినమూ తొమ్మిదిమంది కుడిచేతివారితో పోరి, ఒక్క ఎడమచేతివానితో పోరుతాడు. ఎడమచేతివాడు కూడా దినమూ కుడిచేతివారితోనే పోరుతాడు. అలవాటు ఒకరిది, అపరిచయం మరొకరిది. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మిషెల్ రేమండ్, ఆయన సహచరులు 1996లో ఈ వాదాన్ని పరిణామ సిద్ధాంతానికి అన్వయించి, ఎడమచేతి వాటం మానవజాతిలో నశించక నిలుచుటకు పోరులోని ఈ అరుదుదనమే ఒక కారణమని ప్రతిపాదించినారు. దానిపై తరువాత వాదోపవాదాలు నడచినవి. ఐతే అరుదుగా ఉన్నంతవరకే ఆ లాభం నిలుచునన్న అంశం మాత్రం సాధారణ లెక్కకు అందేదే.

దూరదేశాల విద్యలలో కరాటే నేడు మన గనుల పట్టణాల బాలబాలికలకు సుపరిచితం. అందులోని 'కాతా' అనగా ఒంటరిగా చేసే నిర్ణీత క్రమం. ఒకినావా ద్వీపంలో ఇతోసు అంకో (1831-1915) అను గురువు ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఈ విద్యను పాఠశాలలలో ప్రవేశపెట్టి, పిల్లలకై 'పినాన్' అను ఐదు కాతాలను కూర్చినాడు. పాఠశాలలోకి రాగానే వ్యాయామం ముఖ్యమైనది, పోరు వెనుకకు జరిగినది. షోటోకాన్ శాఖలో ప్రథమ సోపానంగా నేర్పే 'తైక్యోకు షోదాన్' అన్నిటిలో సరళమైనది, మిక్కిలి సౌష్ఠవమైనదని పేరు పొందినది. దాని మార్గం ఇంగ్లీషు ఐ అక్షరం ఆకారంలో ఉండును. అందులో ఇరువది కదలికలు కలవు: ఎనిమిది అడ్డగింపులు, పన్నెండు గుద్దులు. చేతులవారీగా లెక్కించి చూడండి. ప్రక్కలకు చేసే గుద్దులు కుడిచేతికి మూడు, ఎడమచేతికి మూడు, సరిసమానం. నడిమి గీతపై ముందుకు పోవునప్పుడు కుడి, ఎడమ, కుడి అని మూడేసి గుద్దులు రెండుసార్లు వస్తాయి. అనగా కుడికి నాలుగు, ఎడమకు రెండు. మొత్తం కుడిచేతికి ఏడు, ఎడమచేతికి ఐదు. అడ్డగింపులు ఎడమచేతికి ఐదు, కుడిచేతికి మూడు. గట్టిగా కేక వేసే రెండు గుద్దులూ కుడిచేతివే. సమానమని పేరుపడ్డ క్రమంలో కూడా డాలు ఎడమచేత, కత్తి కుడిచేత పట్టిన పాత సైనికుని నీడ దాగియున్నట్లు నాకు తోచును.

మరొక విశేషం. ఈ క్రమంలోని మొదటి భాగం పడమర, తూర్పు, ఉత్తరం వైపు సాగిందనుకొంటే, రెండవ భాగం తూర్పు, పడమర, దక్షిణం వైపు సాగుతుంది. ఇది అద్దంలోని ప్రతిబింబం కాదు. మరల నూట ఎనభై డిగ్రీల భ్రమణమే. ప్రతి భాగంలోనూ మొదటి అడ్డగింపు ఎడమచేతిదే. కాగితం మీద గీసిన మార్గాన్ని చూచినవాడు రెండు రకాల సౌష్ఠవమూ ఉన్నదంటాడు. దేహంతో చేసినవానికి ఒకటే దొరుకుతుంది.

చైనావారి తైచీలో ఈ చర్చ ప్రత్యక్షంగానే జరిగినట్లున్నది. యాంగ్ శాఖ దీర్ఘ క్రమంలో 'పిచ్చుక తోక పట్టుట' అను ప్రధాన కదలికను ఎక్కువగా ఒక ప్రక్కకే చేసేవారు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం సామాన్య ప్రజల ఆరోగ్యానికై ఇరువది నాలుగు కదలికల సంక్షిప్త క్రమాన్ని తయారు చేసినప్పుడు దానిని ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి చేయించినారు. 'పాము దిగుట'ను కూడా రెండు వైపులకూ పెట్టినారు. ఐనను 'ఒంటి కొరడా' అను కదలికను ఒక ప్రక్కకే వదలివేసినారు. కొరియావారి తైక్వాండోలో ఎనిమిది 'తేగుక్' క్రమాలు ఇంకా సమానంగా తీర్చబడినవి. జపానువారి కెండోలో మాత్రం రాజీ లేదు. ఎడమచేతి వాటం కలవాడైనా కుడిచేతినే పిడిపై ముందు నిలుపవలెను. ఒర ఎడమ నడుమున ఉన్నందువలన పుట్టిన నియమం, ఒర లేని వెదురుకర్రకు కూడా అంటిపెట్టుకొనియున్నది.

మన పొరుగు కేరళలోని కలరి దీనికి భిన్నంగా ఆలోచించినది. అక్కడ నేర్చే మందిరమే నలుబది రెండడుగుల పొడవు, ఇరువది ఒక్క అడుగు వెడల్పు గలది. నైరుతి మూలన ఏడు మెట్ల పూత్తర. మందిరానికి ఒక మూల పవిత్రం, తక్కినవి కావు. ఆ అసౌష్ఠవ మందిరంలో 'వాయ్‌తారి' అను నోటి ఆజ్ఞలకు అనుగుణంగా దేహాన్ని కుడి ఎడమలకు సమానంగా వంచుతారు. తరువాత పొడవు కర్ర, పొట్టి కర్ర, ఆపైన లోహాయుధాలు. ఆయుధం చేతికి వచ్చిన తరువాత డాలు ఒక చేయి, కత్తి ఒక చేయి. సౌష్ఠవం పునాది, అసౌష్ఠవం కట్టడం అన్నమాట.

రెండు ప్రక్కలా అభ్యసించుట వృథా శ్రమ కాదని ప్రయోగశాలలు కూడా చెప్పినవి. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్క్రిప్చర్ అను శాస్త్రజ్ఞుడు, ఒక చేతికి ఇచ్చిన శిక్షణ రెండవ చేతి బలాన్నీ నైపుణ్యాన్నీ కూడ కొంత పెంచునని చూపినాడు. నేర్చేది కండరం మాత్రమే కాదు, మెదడు కూడా. కుడిచేయి విరిగి కట్టు కట్టించుకొన్న మల్లునికి ఎడమచేతి కసరత్తు మానవద్దని చెప్పే వస్తాదు ఈ శాస్త్రాన్ని వేరే మార్గాన తెలిసికొన్నవాడే.

ఇంతవరకు చెప్పినదానితో మన కళాశాలకేమి పని అని కార్యవర్గ సభ్యులు అడుగవచ్చును. పని ఉన్నది. ఆగస్టు పదిహేనుకో జనవరి ఇరువది ఆరుకో సామూహిక ప్రదర్శన పెట్టినప్పుడు మనము కర్రసామును లెజీం వరుసలో నిలబెడుతున్నాము. వరుసలో నిలిచిన ఏబదిమంది ఒకే తీరుగా కదలవలెను. చూపులకు అందముగా ఉండుటకై పాత క్రమంలోని ఒంటి ప్రక్క దెబ్బలను తీసివేసి, కుడికొకటి ఎడమకొకటి అతికించుట ఎల్లెడలా జరుగుతున్నది. ఆ తీసివేసిన దెబ్బ ఎందుకు ఒకే ప్రక్కన ఉన్నదో అడిగినవారు లేరు. బహుశా అది ప్రత్యర్థి కర్ర చేతి మణికట్టుకు గురిపెట్టినది. అతడు కుడిచేతివాడు గనుక ఆ ప్రక్కనే ఉన్నది. ఎడమకు దానిని అతికించినప్పుడు గాలిని కొట్టినట్లే. కాతాకు ఒలింపిక్ క్రీడలలో స్థానం లభించినప్పుడు, 2021లో తోక్యోలో, ఒకినావావాడైన రియో కియునా స్వర్ణ పతకం గెలిచినాడు. పాత కాతాలను పాత వంకరలతోనే చేసినందుకు న్యాయనిర్ణేతలు అతని మార్కులు తగ్గించలేదు.

దీని రెండవ ముఖం ఎడమచేతి విద్యార్థి. వరుసలో అతని కర్ర ప్రక్కవాని కర్రకు తగులునని చెప్పి అతనిని కుడికి మార్చుతారు, లేదా వరుసనుండి తీసివేస్తారు. తగులుట నిజమే, అందరి కర్రలూ ఒకే దిశలో తిరిగినప్పుడు ఒక్కటి ఎదురు తిరిగితే తగులక తప్పదు. కాని అది వరుస యొక్క లోపమే గాని విద్యార్థి లోపం కాదు. పంక్తిభోజనంలో ఎడమచేతివానిని చివరను కూర్చుండబెట్టినట్లు, వరుస ఎడమ కొనన అతనికి స్థానమిస్తే చిక్కు తీరిపోవును. ఇద్దరు ముగ్గురుంటే వారికొక ప్రత్యేక వరుస. జోడీ పోరులో మాత్రం అతనిని అందరితోనూ కలిపి ఆడించవలెను; కుడిచేతి బాలురకు అతనివంటి పాఠం మరొకటి దొరకదు. సాము నేర్చే బాలికలకు ఇది మరింత అవసరం. వారిపై చేయి చేసుకొనేవాడు ఏ చేతివాడో ముందుగా చెప్పి రాడు.

కేంద్ర ప్రభుత్వం ఖేలో ఇండియా యువజన క్రీడలలో గట్కా, కలరిపయట్టు, థాంగ్-తా, మల్లఖంబ్ అను నాలుగు దేశీయ విద్యలకు చోటిచ్చినది. ఆ నాలుగింటిలో మన కర్రసాము లేదు. మన పొరుగున మార్లవాయి గోండు కళాకారుడు కనకరాజుకు గుస్సాడీ నృత్యానికై 2021లో పద్మశ్రీ లభించినది. ఆ నృత్యం చూచినవారు, వ్రాసినవారు, చిత్రించినవారు ఉన్నారు. మంచిర్యాల చుట్టుప్రక్కల గ్రామాలలో కర్ర త్రిప్పగల వృద్ధుల క్రమాలు మాత్రం వారి మణికట్లలోనే ఉన్నవి. వాటిని వ్రాసుకొనుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ప్రతి కదలికకు నాలుగు సంగతులు నమోదు చేస్తే చాలును: ముందున్న పాదం ఏది, పైనున్న చేయి ఏది, కర్ర తిరిగిన దిశ ఏది, దేహం తిరిగిన కోణం ఎంత. ఉర్దూ చదివే విద్యార్థి ఒకడు, తెలుగు చదివే విద్యార్థి ఒకడు జంటగా పోయి వస్తాదు వెనుక నిలబడి వ్రాసికొనవలెను. ఎదుట నిలబడి వ్రాసినచో కుడి ఎడమలు తారుమారగును.